కుటుంబంలో క్యాన్సర్: తరాల లెక్క



గణపవరం చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా సరే, ఇటు తాడేపల్లిగూడెం దాకా, అటు కొల్లేటి లంకల దాకా, ఒక ఇంట్లో క్యాన్సర్ అని తేలిందంటే పదిమందీ అనే మాట ఒకటుంది. "వాళ్ల వంశంలోనే ఉందట" అంటారు. ఆ మాట వీధి దాటేలోపే ఆ ఇంటి ఆడపిల్ల పెళ్లి సంబంధం వెనక్కి పోతుంది. అందుకే ఇంట్లోవాళ్లు అసలు జబ్బు పేరే బయటికి చెప్పరు. "కడుపులో పుండు", "గర్భసంచి ఆపరేషన్" అని సర్దేస్తారు. ఆ ఇంట్లోనే పెరిగిన కూతురికి మాత్రం మనసులో ఒక ప్రశ్న మిగిలిపోతుంది: అమ్మకి వచ్చింది, అమ్మమ్మకీ వచ్చిందంటున్నారు, మరి నాకు?

ఆ ప్రశ్నకు ఈనాటి విజ్ఞానం చెప్పగలిగిన జవాబును మీ ముందు పెట్టాలని ఈ ప్రసంగం. గణపవరంలో పిల్లలకు జీవశాస్త్రం చెప్పినవాడిగా ఇది నా బాధ్యత అనుకుంటున్నాను.

ముందు భయం తగ్గించే మాట. వచ్చే క్యాన్సర్లన్నిటిలో తల్లిదండ్రుల నుంచి సంక్రమించిన జన్యుదోషం వల్ల వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే. మిగతావాటికి పెరిగే వయసు, పొగాకు, మద్యం, కొన్ని వైరస్‌లు, ఊబకాయం, కణాలు విభజన చెందేటప్పుడు దొర్లే పొరపాట్లు కారణం. కాబట్టి ఒక ఇంట్లో ఒకరికి క్యాన్సర్ వచ్చినంత మాత్రాన వంశానికి ముద్ర వేయడం తప్పు. అయితే ఆ 5 నుంచి 10 మంది ఎవరన్నది తెలుసుకోకపోవడం అంతకంటే పెద్ద తప్పు. ఎందుకంటే ముందుగా తెలిస్తే ప్రాణాలు కాపాడగలిగేది వాళ్లనే.

కుటుంబంలో క్యాన్సర్ అన్న ఆలోచన వైద్యానికి ఎలా తట్టిందో చూడండి. 1895లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయంలో ఆల్‌డ్రెడ్ వార్తిన్ అనే వైద్యుడు ఉండేవాడు. ఆయన ఇంటికి బట్టలు కుట్టే ఒక ఆమె దిగులుగా కనిపిస్తే కారణం అడిగాడు. మా వాళ్లందరూ పేగు క్యాన్సర్‌తోనో గర్భసంచి క్యాన్సర్‌తోనో పోయారు, నేనూ అలాగే పోతాను అన్నదట. చివరికి ఆమె గర్భసంచి క్యాన్సర్‌తోనే చనిపోయింది. వార్తిన్ ఆ మాటను కొట్టిపారేయలేదు. ఆమె బంధువులందరి వివరాలూ సేకరించి 1913లో అచ్చువేశాడు. తర్వాత 1960లలో హెన్రీ లించ్ అనే వైద్యుడు ఇలాంటి కుటుంబాలను వెతికి పట్టుకుని అధ్యయనం చేశాడు. దాన్ని ఇప్పుడు లించ్ సిండ్రోమ్ అంటున్నాం. 1993, 94 సంవత్సరాల్లో దాని జన్యువులు దొరికాయి. వాటిలో ముఖ్యమైనవి ఎంఎస్‌హెచ్-2, ఎంఎల్‌హెచ్-1. డీఎన్ఏ నకలు తీసేటప్పుడు దొర్లే తప్పులను సరిదిద్దడం వీటి పని. ఇవి చెడితే తప్పులు పోగుపడతాయి, పెద్దపేగుకీ గర్భసంచికీ ముప్పు పెరుగుతుంది.

రొమ్ము, అండాశయ క్యాన్సర్ల సంగతి కూడా ఇలాంటిదే. 1990లో మేరీ క్లెయిర్ కింగ్ అనే శాస్త్రవేత్త ఆ దోషం 17వ క్రోమోజోమ్ మీద ఉందని చూపించింది. 1994లో ఆ జన్యువు చేతికి చిక్కింది. అదే బీఆర్‌సీఏ-1. మరుసటి ఏడు బీఆర్‌సీఏ-2 దొరికింది. వీటిలో దోషంతో పుట్టిన ఆడవారిలో నూటికి దాదాపు 70 మందికి 80 ఏళ్ల లోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం ఉంది. దోషం ఉన్న తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ ఒక్కొక్క బిడ్డకు అది చేరే అవకాశం సగానికి సగం. తండ్రి నుంచి గానీ అన్న మాట గట్టిగా గుర్తుంచుకోండి. మన దగ్గర రొమ్ము క్యాన్సర్ అంటే అమ్మవైపు మాత్రమే అడుగుతారు. నాయనమ్మకి, మేనత్తలకి వచ్చిన జబ్బు నాన్న ద్వారా కూతురికి రావచ్చు. నాన్నకి ఏమీ రాకపోయినా రావచ్చు.

ఇక్కడి నుంచి కథ కాస్త లోతుకు వెళుతుంది. కొన్ని కుటుంబాల్లో లక్షణాలన్నీ లించ్ సిండ్రోమ్‌లాగే ఉంటాయి. చిన్న వయసులోనే పేగు క్యాన్సర్ వస్తుంది. జన్యుపరీక్ష చేస్తే ఎంఎల్‌హెచ్-1లో ఒక్క అక్షరం కూడా తప్పు కనపడదు. జన్యువు నిక్షేపంగా ఉంది, కానీ పనిచేయడం లేదు. ఇదెలా సాధ్యం?

మన డెల్టా రైతుకి ఇది అర్థమయ్యేలా చెప్పాలంటే భూమి సంగతే చెప్పాలి. దస్తావేజు సక్రమంగా ఉంది, సరిహద్దులు సరిగ్గా ఉన్నాయి, పట్టా మన పేరు మీదే ఉంది. కానీ కోర్టు నుంచి స్టే వచ్చింది. దస్తావేజులో ఒక్క అక్షరం మారకపోయినా ఆ చేలో నాగలి దిగడానికి లేదు. డీఎన్ఏ మీద కూడా ఇలాంటి ఉత్తర్వులు ఉంటాయి. మిథైల్ అనే చిన్న రసాయన గుంపు జన్యువు మొదట్లో అంటుకుంటే ఆ జన్యువు చదవబడదు. ఇలా అక్షరాలు మారకుండా జన్యువు నడకను మార్చే ఏర్పాట్లను అధ్యయనం చేసేదే ఎపిజెనెటిక్స్. ఈ ఉత్తర్వులు మన ఒంట్లో నిత్యం అవసరం. కాలేయ కణం కాలేయంగా, చర్మ కణం చర్మంగా ఉండేది వీటి వల్లే. ఉండకూడని చోట, అంటే క్యాన్సర్‌ను అడ్డుకునే జన్యువు మీద ఉత్తర్వు పడితేనే ప్రమాదం.

2004లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ శాస్త్రవేత్తలు సరిగ్గా ఇదే చూపించారు. కొందరు రోగుల్లో కణితిలోనే కాదు, రక్తంలోనూ మిగతా కణజాలాల్లోనూ ఎంఎల్‌హెచ్-1 మీద మిథైల్ ముద్ర ఉంది. అంటే అది మధ్యలో వచ్చింది కాదు, పుట్టుకతోనే ఉంది. మరి బిడ్డలకు వెళుతుందా? 2007లో అదే బృందం దానికీ జవాబు వెతికింది. ఒక తల్లి నుంచి ఒక కొడుక్కి ఆ ముద్ర వెళ్లింది. కానీ ఆ కొడుకు వీర్యకణాల్లో చూస్తే అది చెరిగిపోయి ఉంది. ఆ అధ్యయనంలోని కుటుంబాల్లో మరో ముగ్గురు బిడ్డలకు తల్లి నుంచి అదే జన్యువు వచ్చినా, ముద్ర లేకుండా మామూలుగా పనిచేస్తూ కనిపించింది.

కారణం ప్రకృతి పెట్టిన ఒక గొప్ప ఏర్పాటు. అండం, వీర్యకణం తయారయ్యేటప్పుడు ఒకసారి, పిండం ఏర్పడిన తొలి రోజుల్లో మరోసారి పాత ఉత్తర్వులు చాలావరకు రద్దవుతాయి. బిడ్డ దాదాపు కొత్త ఫైలుతో జీవితం మొదలుపెడుతుంది. అందువల్ల ఇలాంటి దోషం తరం నుంచి తరానికి తప్పక వెళుతుందని చెప్పలేం. అక్షర దోషానికి సగానికి సగం లెక్క ఉంది, దీనికి ఆ లెక్క లేదు.

అయితే కొన్ని కుటుంబాల్లో ప్రతి తరంలోనూ స్టే మళ్లీ మళ్లీ వస్తుంది. అక్కడ అసలు దస్తావేజులోనే ఎక్కడో ఒక లోపం దాగి ఉంటుంది. హాంకాంగ్‌లో ఒక కుటుంబంలో మూడు తరాలుగా ఎంఎస్‌హెచ్-2 జన్యువు మీద మిథైల్ ముద్ర కనపడుతోందని 2006లో తేలింది. 2009లో రహస్యం బయటపడింది. ఎంఎస్‌హెచ్-2కి పక్కనే ఉన్న ఎప్‌క్యామ్ అనే జన్యువు చివరి ముక్క ఇలాంటి కుటుంబాల్లో తెగిపోయి ఉంది. పక్క జన్యువు తెగడం వల్ల ఈ జన్యువు మూగబోయింది. 2018లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ వైద్యులు రెండు కుటుంబాల్లో బీఆర్‌సీఏ-1 మీద ఇలాంటిదే కనుగొన్నారు. జన్యువు ముందు భాగంలో ఒకే ఒక్క అక్షరం మారింది, దాని వల్ల ముద్ర తరతరానికీ పడుతోంది. మామూలు పరీక్షల్లో ఏమీ లేదని చెప్పి ఇంటికి పంపిన కుటుంబాల్లో కొన్ని ఇలాంటివి. అదే ఏడాది మెల్‌బోర్న్ శాస్త్రవేత్తలు రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా ఉన్న 25 కుటుంబాల్లో 210 మందిని పరీక్షించి, కుటుంబంలో సంక్రమిస్తున్నట్టు కనిపించే 24 మిథైల్ గుర్తులను ప్రచురించారు.

ఇంతకీ ఈ మిథైల్ గుంపులు ఎక్కడినుంచి వస్తాయి? ఈ ప్రశ్న మనల్ని నేరుగా భీమవరం తీసుకొస్తుంది.

వార్తిన్ ఆ కుట్టుపని ఆమె మాట విన్న 1895లోనే, జనవరి 12న, మన భీమవరంలో యల్లాప్రగడ సుబ్బారావు పుట్టాడు. స్ప్రూ అనే జబ్బు ఆయన ఇద్దరు సోదరులను పొట్టన పెట్టుకుంది. పేగులు ఆహారాన్ని ఇముడ్చుకోలేక, రక్తం తగ్గి, మనిషి ఎండిపోయే జబ్బు అది. ఆయనకూ సోకితే ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి బతికించాడు. సుబ్బారావు ఆ తర్వాత అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని, కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీని వెలికితీశాడు. తర్వాత లెడర్లీ అనే మందుల సంస్థలో పరిశోధనకు నాయకత్వం వహించాడు. మన గోదావరి జిల్లాల్లో బోదకాలు నివారణకు ఇంటింటికీ తెచ్చి మింగించే డీఈసీ మాత్ర ఆయన ప్రయోగశాల నుంచే వచ్చింది. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను మింగిన స్ప్రూకి అదే మందు.

శరీరంలో మిథైల్ గుంపులను అందించే గొలుసులో ఈ ఫోలిక్ యాసిడ్ ఒక ముఖ్యమైన లంకె. మనం తినే తోటకూర, పాలకూర, మినుములు, పెసలు, శనగల్లో అది ఫోలేట్ రూపంలో ఉంటుంది. 2003లో అమెరికాలో వాటర్‌ల్యాండ్, జర్టిల్ అనే శాస్త్రవేత్తలు గర్భంతో ఉన్న ఎలుకలకు ఫోలిక్ యాసిడ్, బి12, కోలిన్, బిటైన్ ఎక్కువగా పెట్టారు. పసుపుపచ్చ బొచ్చుతో పుట్టవలసిన పిల్లల్లో చాలావాటికి గోధుమ రంగు బొచ్చు వచ్చింది. జన్యువులో అక్షరం మారలేదు, తల్లి తిండి వల్ల మిథైల్ ముద్ర మారింది. మనుషుల్లోనూ ఒక సాక్ష్యం ఉంది. రెండో ప్రపంచయుద్ధం చివర, 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువు వచ్చింది. ఆ కరువు రోజుల్లో కడుపున పడ్డవారిని 60 ఏళ్ల తర్వాత పరీక్షిస్తే, ఐజీఎఫ్-2 అనే ఎదుగుదల జన్యువు మీద మిథైల్ ముద్రలు తోబుట్టువుల కంటే తక్కువగా ఉన్నాయని 2008లో తేలింది.

ఇది విన్నవాళ్లు రెండు పొరపాట్లు చేయవచ్చు. మొదటిది, అయితే ఫోలిక్ యాసిడ్ మాత్రలు రోజూ మింగితే క్యాన్సర్ రాదు కదా అనుకోవడం. రాదనడానికి ఆధారం లేదు. పైగా సుబ్బారావు కథలోనే దానికి హెచ్చరిక ఉంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఫోలిక్ యాసిడ్ వర్గపు మందులు ఇస్తే జబ్బు ఇంకా జోరందుకుంది. దాంతో ఆయన ఆలోచన తిరగబడింది. క్యాన్సర్ కణానికి ఫోలిక్ యాసిడ్ అందకుండా చేస్తే? ఆ విరుగుడును సుబ్బారావు బృందమే తయారుచేసి పంపింది. పేరు అమినోప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. క్యాన్సర్‌కు మందు ఉండగలదన్న నమ్మకం దాంతో బలపడింది. ఆ వరసలో వచ్చిన మెథోట్రెక్సేట్ ఈనాటికీ ప్రతి క్యాన్సర్ ఆసుపత్రిలో ఉంది. సుబ్బారావు ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశాడు. కాబట్టి గర్భిణులకు డాక్టరు రాసే ఫోలిక్ యాసిడ్ మాత్ర తప్పకుండా వేసుకోవాలి, బిడ్డ వెన్ను, మెదడు సక్రమంగా ఏర్పడడానికి అది అవసరం. డాక్టరు వేరేగా చెప్పకపోతే మిగతావాళ్లు ఆకుకూరలు, పప్పులు తింటే చాలు. క్యాన్సర్ వైద్యంలో ఉన్నవాళ్లు మాత్రం సొంతంగా ఏ విటమినూ మింగకూడదు.

రెండో పొరపాటు మరీ అన్యాయమైనది. తల్లి తిన్నదాన్ని బట్టి ముద్రలు పడతాయన్నారు కదా, అయితే తప్పంతా తల్లిదే అనడం. నేను దీన్ని గట్టిగా ఖండిస్తున్నాను. ఎలుకల బొచ్చు రంగు నుంచి ఒక ఇంటి కోడలి మీద నేరం మోపడానికి విజ్ఞానం ఎవరికీ అధికారం ఇవ్వలేదు. తల్లి తిండి వల్ల, తండ్రి అలవాట్ల వల్ల పడిన ముద్రలు తరాలు దాటి మనవలకు క్యాన్సర్ తెస్తాయని మనుషుల్లో రుజువు కాలేదు. బీఆర్‌సీఏ-1 మీద పుట్టుకకు ముందే పడే ముద్రలు కొందరు స్త్రీలలో కనపడుతున్నాయి, వాళ్లకు కొన్ని రకాల రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది. అవి కూడా చాలావరకు తల్లిదండ్రుల నుంచి వచ్చినవి కావు, పిండదశలో కొత్తగా పడినవే.

ఒకే ఇంట్లో నలుగురికి క్యాన్సర్ వచ్చినా, అది రక్తంలో వచ్చిందనే అనుకోనక్కర్లేదు. ఒకే ఇంట్లో ఉన్నవాళ్లు ఒకే పొగ పీలుస్తారు, ఒకే నీళ్లు తాగుతారు, ఒకే అలవాట్లు నేర్చుకుంటారు. ఉత్తర కోస్తాలో ఆడవాళ్లు చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు తల్లిని చూసి కూతురు నేర్చుకున్నదే. అంగిలి క్యాన్సర్ తల్లికీ కూతురికీ వచ్చిందంటే అక్కడ సంక్రమించింది జన్యువు కాదు, చుట్ట. 2025 మార్చిలో తూర్పు గోదావరి జిల్లా బలభద్రపురంలో క్యాన్సర్ కేసులు ఎక్కువగా ఉన్నాయన్న ఆందోళన రేగి, వైద్య బృందాలు ఇంటింటికీ వెళ్లాయి. ఊరంతా భయపడినప్పుడు చేయవలసింది అదే. ఊహాగానాలు పక్కనపెట్టి ఎవరికి, ఏ అవయవానికి, ఏ వయసులో వచ్చిందో లెక్క తీయాలి. కుటుంబానికైనా అంతే.

మన సమాజానికి ప్రత్యేకమైన మరో సంగతి మేనరికం. బీఆర్‌సీఏ, లించ్ దోషాలకు ఒక్క చెడ్డ ప్రతి చాలు, మేనరికంతో పనిలేదు. కానీ ఒకే తాత నుంచి వచ్చిన దోషం భార్యాభర్తలిద్దరిలోనూ ఉంటే, నలుగురు బిడ్డల్లో ఒకరికి రెండు చెడ్డ ప్రతులూ చేరే అవకాశం ఉంది. ఒక లించ్ జన్యువు ప్రతులు రెండూ చెడితే పసితనంలోనే మెదడు, రక్తం, పేగు క్యాన్సర్లు వస్తాయి. బీఆర్‌సీఏ-2 ప్రతులు రెండూ చెడితే ఫాంకోని అనీమియా అనే తీవ్రమైన రక్తవ్యాధి వస్తుంది. కుటుంబంలో చిన్న వయసు క్యాన్సర్లు ఉన్నప్పుడు మేనమామకో, మేనబావకో పిల్లనిచ్చేముందు జన్యు సలహా తీసుకోవడం వరసలు చూసుకోవడమంత అవసరం.

మరి ఏం చేయాలి? ఒక కాగితం తీసుకోండి. అమ్మవైపు, నాన్నవైపు మూడు తరాలు రాయండి. ఎవరికి ఏ క్యాన్సర్, ఏ వయసులో వచ్చింది, ఎక్కడ చూపించారు అన్నది రాయండి. 50 ఏళ్ల లోపు రొమ్ము, పెద్దపేగు, గర్భసంచి క్యాన్సర్ వచ్చినా, ఏ వయసులోనైనా అండాశయ క్యాన్సర్ వచ్చినా, రెండు రొమ్ములకూ వచ్చినా, మగవారికి రొమ్ము క్యాన్సర్ వచ్చినా, ఒకేవైపు బంధువుల్లో ముగ్గురికి ఇలాంటివే వచ్చినా, ఆ కాగితం పట్టుకుని క్యాన్సర్ వైద్యుడి దగ్గరకు వెళ్లండి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, బసవతారకం ఆసుపత్రి, నిమ్స్‌లోని జన్యువైద్య విభాగం, విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. పరీక్ష ముందు జబ్బు వచ్చినవారికి చేయాలి. వారిలో దోషం దొరికితే మిగతావారు చూపించుకోవచ్చు. ఆ దోషం తనకు చేరలేదని తేలిన చెల్లెలు ఆ భయం దించుకుని బతకవచ్చు. చిన్న వయసు రోగి కణితిలో ఎంఎల్‌హెచ్-1 ప్రోటీన్ లేదని తేలి, జన్యువులో అక్షర దోషం దొరకకపోతే, రక్తంలో మిథైల్ పరీక్ష అవసరమా అని డాక్టర్ని అడగండి.

తెలిసి ఏం లాభం అంటారేమో. చాలా లాభం ఉంది. లించ్ దోషం ఉన్నవారికి ఏడాదికో రెండేళ్లకో కొలనోస్కోపీ చేస్తే గడ్డ క్యాన్సర్ కాకముందే తీసేయవచ్చు. 861 మంది లించ్ కుటుంబాలవారి మీద జరిగిన పరీక్షలో రెండేళ్లకు పైగా ఆస్పిరిన్ వాడినవారికి పేగు క్యాన్సర్ బాగా తగ్గింది. దాన్ని డాక్టరు చెబితేనే వాడాలి. బీఆర్‌సీఏ దోషం ఉన్నవారికి చిన్న వయసు నుంచే ఎంఆర్ఐ పరీక్షలు, అవసరమైతే ముందుజాగ్రత్త ఆపరేషన్లు ఉన్నాయి. ఇంకొకటి. మిథైల్ ముద్రలను తొలగించే అజాసిటిడిన్ వంటి మందులు 2004 నుంచి కొన్ని రక్తవ్యాధులకు వాడుకలో ఉన్నాయి. అక్షరాన్ని మార్చడం కష్టం, ముద్రను చెరపడం అంత కష్టం కాదని వైద్యానికి ఆశ కలిగింది.

చివరిగా ఇంటి పెద్దలకు ఒక విన్నపం. అత్తయ్య ఏ జబ్బుతో పోయిందో, నాయనమ్మకి తీసిన గడ్డ ఏమిటో మీకే తెలుసు. పరువు కోసం, సంబంధాల కోసం మీరు దాచిన మాటకు మూల్యం మీ మనవరాలు చెల్లిస్తుంది. పిల్లలను కూర్చోబెట్టి చెప్పండి, వాళ్లచేత రాయించండి. సంబంధం చూసే పెద్దలారా, జబ్బును దాచని ఇంటిని నిజాయితీ ఉన్న ఇల్లుగా గౌరవించండి. మీ ఇంటికి ఆశా కార్యకర్త, ఏఎన్ఎం పరీక్షల కోసం వచ్చినప్పుడు తలుపు వేయకండి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. వంశంలో వచ్చే క్యాన్సర్‌ను ఆపగల మొదటి పరీక్షకు ఖర్చు లేదు. నోరు తెరిచి చెప్పుకోవడమే ఆ పరీక్ష.